శుక్రవారం నుంచి ఉత్తరపు గాలి

మధ్యాహ్నం రేడియోలో వాతావరణం చదివే వేళకి హల్మార్ దొడ్డి చెక్కలకి మేకులు కొడుతున్నాడు. వినపడాలని ట్రాక్టరు తలుపు తీసే ఉంచాడు. చదివే ఆవిడది పెళ్ళికీ చావుకీ ఒకటే గొంతు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఉత్తరపు గాలి, సెకనుకి ఇరవై ఎనిమిది మీటర్లు. రెండువందల మీటర్ల ఎత్తు దాటితే మంచు. కొండమీద గొర్రెలున్నవాళ్ళు జాగ్రత్తపడాలి. హల్మార్ నోట్లో రెండు మేకులున్నాయి. కొడుతున్న మూడోది వంకర పోయింది. దాన్ని పీకి, సాపు చేసి, మళ్ళీ అదే కన్నంలో కొట్టాడు.

ఆ రోజు బుధవారం. సెప్టెంబరు రెండోవారం. గొర్రెల్ని కొండ దింపేది సోమవారం. ఆ తేదీ వేసవిలోనే ఊరంతా కూచుని పెట్టుకున్నది. గొర్రెల్ని మాంసానికి తీసుకెళ్ళే కోతశాల లారీలు ఆ లెక్కనే వస్తాయి. పట్నంలో ఉద్యోగాలున్నవాళ్ళు ఆ లెక్కనే సెలవులు పెట్టుకుంటారు. ఆ రోజు మనుషుల్ని కొండమీద బారు తీర్చి నడిపించేవాడిని ఈ లోయలో కొండరాజు అంటారు. పదకొండేళ్ళుగా హల్మారే కొండరాజు. పేరుకే రాజు. అందరికంటే ముందు తడుస్తాడు, అందరికంటే ఎక్కువ తిట్లు తింటాడు.

అవతల చెక్క అదిమిపట్టుకుని నిలబడ్డవాడు ఓఫేగ్. డెబ్భై దాటిన మనిషి. పళ్ళు పెట్టుడువి, నాలుక మాత్రం సొంతం.

"విన్నావా రాజా, మీ ఆవిడ పిలుస్తోంది," అన్నాడు.

"ఎవరావిడ?"

"అదే, రేడియోలో ఆవిడ. పోయినసారి ఒక్క మాట అనేసరికి లేచెళ్ళావుగా, మమ్మల్నందర్నీ వెంటేసుకుని."

హల్మార్ ఇంకో మేకు తీశాడు. రెండేళ్ళ కిందటి సంగతి అది. మంచొస్తుందన్నారని తేదీకి ఆరురోజుల ముందే అందర్నీ కొండెక్కించాడు. మూడురోజులు తుంపర పడి ఊరుకుంది. ఆ చలికాలపు విందులో ఊరివాళ్ళు నాటకం వేశారు. ఎండలో మూడు కోట్లు తొడుక్కుని, దూది కిరీటం పెట్టుకుని, పార భుజానేసుకుని మంచు కోసం వెతుకుతూ తిరిగే రాజు. జనం కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ముందు వరసలో కూచున్న హల్మార్ అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వకపోతే ఇంకో ఏడాది వేస్తారు.

ఈలోగా రాన్‌వేగ్ బండి వచ్చి ఆగింది. లోయ చివరి ఇల్లు ఆమెది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి, తండ్రి పోయాక అరవై గొర్రెల్ని ఒక్కతే చూసుకుంటోంది. దిగకుండానే అద్దం దించింది.

"రేపే వెళ్దాం హల్మార్."

"ఎక్కడికి?"

"ఎక్కడికో నీకు తెలీదా? ముందు వాన పడుతుంది, ఉన్ని తడుస్తుంది, ఆపైన గడ్డకడుతుంది. సోమవారానికి అక్కడ ఏం మిగుల్తాయని దింపుతాం?"

"అమ్మాయీ," అన్నాడు ఓఫేగ్, "మంచంటే అంత భయమున్నదానివి ఈ దేశంలో ఎందుకు పుట్టావు?"

"నీకేంలే ఓఫేగ్. నీవి ఇరవై గొర్రెలు, అవీ నీ ఈడువి."

ఓఫేగ్ హాయిగా నవ్వాడు. నవ్వి హల్మార్ వైపు చూశాడు, ఇతనేమంటాడో అని. ఆ చూపు హల్మార్‌కి తెలుసు. నాటకం రాసిన మనిషి చూపు అది.

"తేదీ పెట్టింది నేనొక్కణ్ణే కాదు," అన్నాడు.

"పోనీ నన్నొక్కదాన్నే వెళ్ళనీ. నావి నేను తెచ్చుకుంటా. మోరా ఉంది, అది ముందు నడిస్తే నాకు కుక్క కూడా అక్కర్లేదు."

మోరా ముందు నడిచే గొర్రె. ఆ జాతే వేరు. పొడుగు కాళ్ళు, సన్నటి ఒళ్ళు, కోస్తే మాంసం ఉండదు. కానీ కళ్ళు కనపడని గాలిలో కూడా ఇంటిదారి తప్పదు. మిగతావి దాని వెనక నడుస్తాయి. అలాంటివి లోయ మొత్తానికి రెండే ఉన్నాయి.

"కుదరదు," అన్నాడు హల్మార్. "తేదీకి ముందు కొండమీద ఎవరూ కాలుపెట్టకూడదు. నువ్వొక మంద కదిపితే తొమ్మిది ఇళ్ళ గొర్రెలు చెదురుతాయి. నువ్వెళ్తే రేపు ఇంకొకడు వెళ్తానంటాడు."

రూలు అదే. అందులో అబద్ధం లేదు.

"ఇది రూలు మాటా, నీ మాటా?"

"కొండరాజు మాట."

రాన్‌వేగ్ స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కొండ వైపు చూసింది. ఇంకొక్క మాట అని ఉంటే, ఇంకాస్త గొంతు పెంచి ఉంటే, సరే పదమనేవాడేమో. ఆమె పెంచలేదు.

"సరే. నువ్వు వద్దంటే వెళ్ళను," అని అద్దం ఎక్కించుకుంది.

గురువారం గాలన్నది లేదు. ఆకాశం కడిగిపెట్టినట్టుంది, దూరపు కొండలు చెయ్యి చాస్తే అందేంత దగ్గరికొచ్చాయి. పెద్ద గాలికి ముందురోజు అలాగే ఉంటుందని హల్మార్‌కి తెలుసు. కంచె చూసొస్తానని భార్యతో చెప్పి, గుర్రానికి జీను వేసి, కుక్కని పిలిచాడు. కంచె చూడ్డానికే బయల్దేరాడు. అది నిజమే.

అతని పొలం పైఅంచున కొండ కంచె ఉంది. దానికో చిన్న గేటు. గేటుకి అవతల గొర్రెలు నిలబడి ఉన్నాయి. మేత మెయ్యడం లేదు, పడుకోలేదు, అరవడం లేదు. అన్నీ ఇటే చూస్తున్నాయి. అన్నిటికంటే ముందు, చెక్కలకి మూతి ఆనించి, మోరా నిలబడి ఉంది. ఎక్కడో పదిమైళ్ళ అవతల సరస్సు దగ్గర మేసే జంతువు. రేడియో లేకుండానే దానికి తెలిసింది. వచ్చే దారిలో ఏవి కలిస్తే వాటిని వెంటేసుకుని దిగివచ్చింది.

హల్మార్ గుర్రం దిగి గేటు కొద్దిగా తెరిచాడు, ఒక్క గొర్రె పట్టేంత. మోకాలు అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఒక్కోదాన్ని మెడ కింద చెయ్యేసి ఆపి చెవులు తడిమాడు. చూడక్కర్లేదు, ముప్ఫై ఏళ్ళుగా వేళ్ళకే వచ్చు. కుడి చెవి కొస తెగ్గోసి, ఎడమ చెవికి రెండు గాట్లుంటే తనది. అలాంటివి మోకాలు పక్కకి తీసి వదిలాడు. ఎడమ చెవి నిలువునా చీలి ఉంటే రాన్‌వేగ్‌ది. అలాంటివాటిని భుజం పట్టుకుని వెనక్కి తోశాడు. తోసినవి ఎటూ పోకుండా గేటు దగ్గరే కాళ్ళు తొక్కుకుంటూ మళ్ళీ చొరబడ్డాయి. చలిలో కూడా అతనికి చెమట పట్టింది.

రాన్‌వేగ్ గొర్రెలు దిగితే తిన్నగా లోయ చివరికి, ఆమె ఇంటికి పోతాయి. ఎవరు గేటు తీశారని ఆమె అడుగుతుంది. సాయంత్రానికి ఓఫేగ్‌కి తెలుస్తుంది, బుధవారం అందర్నీ ఆపినవాడు మర్నాడే భయపడి గేటు తీశాడని. హల్మార్ గొర్రెలైతే గుట్ట వెనక పొలంలోనో కొట్టంలోనో ఉంటాయి, ఎవరి కంటా పడవు. ఇదంతా అతను ఆలోచించుకోలేదు. చేతులు ఆ పని చేసేశాక గొళ్ళెం వేస్తూ గ్రహించాడు.

నలభై ఒకటి లోపలికి. పదిహేడు బయట.

మోరా కదల్లేదు. పసుపు కళ్ళతో అతన్నే చూస్తోంది. పక్కన దాని పిల్ల, ఇంకో తల్లి గొర్రె. హల్మార్ ఈలేసి కుక్కని వదిలాడు. పద్నాలుగు పరిగెత్తాయి, కంచెకి అవతలున్న వాగు గండి వైపు. ఆ మూడూ పరిగెత్తలేదు. కుక్క మీదికొస్తే నాలుగడుగులు పక్కకి జరిగి మళ్ళీ ఆగాయి. హల్మార్ కుక్కని వెనక్కి పిలిచి గుర్రం ఎక్కాడు. ఇంటికొచ్చేదాకా తల తిప్పలేదు.

శుక్రవారం రెండింటికి వాన మొదలైంది, మూడింటికి మంచైంది. నాలుగింటికి కరెంటు పోయింది. వంటింటి కిటికీకి అవతల గాలి పక్కగా పోతోంది, మంచు నేలమీద పడే వీల్లేకుండా. హల్మార్ బల్ల దగ్గర కూచుని చల్లారిపోయిన కాఫీ తాగుతున్నాడు. భార్య గ్రోవ కొట్టం నుంచి వచ్చి తలుపుకి వీపు ఆనించి మూసింది.

"కొట్టంలో మనవి నలభై ఉన్నాయి," అంది.

"నలభై ఒకటి."

"ఎలా దిగాయి?"

"కంచె కిందనుంచి దూరి ఉంటాయి."

గ్రోవ తలగుడ్డ విప్పి పొయ్యి మీద ఆరేసింది.

"నలభై ఒకటీనా?"

"ఒకటి దూరితే అన్నీ దూరతాయి. గొర్రెలేగా."

"మనవే దూరాయా?"

అతను కప్పు పక్కకి జరిపాడు. గ్రోవ రొట్టె కోసి, పొగబెట్టిన మాంసం పెట్టి, పళ్ళెం అతని ముందు పెట్టింది. తను మాత్రం నిలబడే తిన్నది, కిటికీ దగ్గర.

శనివారం తెల్లారాక గాలి తగ్గింది. లోయలో మనిషన్నవాడు ఇంట్లో లేడు. పట్నం నుంచి కూడా వచ్చారు, పొడుగాటి కర్రలు పట్టుకుని. మంచులో ఆ కర్ర దించుకుంటూ పోతారు. రాయి తగిలితే ఒకలా ఉంటుంది, నేల తగిలితే ఒకలా, ఉన్ని తగిలితే ఒకలా. కింద కూరుకున్న గొర్రె వెంటనే చావదు. ఊపిరి వేడికి చిన్న గూడు కరుగుతుంది, అందులో రోజుల తరబడి ఉంటుంది. అయితే ఎక్కడుందో తెలియాలి. లోయ అంత మంచు, గొర్రె అంత గొర్రె.

ఎక్కడ వెతకాలో చెప్పేది కొండరాజే. బండి బానెట్ మీద పటం పరిచి హల్మార్ పెన్సిలుతో గీత గీశాడు. సరస్సు నుంచి మొదలెట్టి నల్లబండల దాకా. చివరిసారి అందరూ గొర్రెల్ని చూసింది అక్కడే కాబట్టి ఎవరూ ఏమీ అనలేదు. వాగు గండి ఆ గీతకి బయట పడింది. పెన్సిలు దాని పక్కగానే వెళ్ళింది, చిటికెన వేలంత దూరంలో.

ఏటి పక్క దారిన ఎక్కి ఆ రోజు రెండువందల పైచిలుకు తీశారు. ముప్ఫై దాకా చచ్చినవి. రాన్‌వేగ్‌వి బతికినవి పాతిక దొరికాయి. ఆమె పొద్దుటి నుంచి కూచోలేదు. ఒక్కో గొర్రెని బయటికి లాగగానే చేతితొడుగు పళ్ళతో పీకి చెవి తడిమేది. ఎవరిదైనా సరే, మూతిమీది మంచు తుడిచి, కాళ్ళు రుద్ది, లేచి నిలబడ్డాకే పక్కకి వెళ్ళేది. హల్మార్ రెండు గొర్రెల అవతల నిలబడి ఆ చేతుల్ని చూశాడు. రేపు, అనుకున్నాడు. రేపు ఏదో ఒకటి చెప్పి అటు తీసుకెళ్తాను. ఒక రోజులో ఏం కాదు.

ఆదివారం రేడియో ఆవిడ సాయంత్రం నుంచి మళ్ళీ గాలంది. హల్మార్ పొద్దున్నే పటం తీశాడు.

"గండి చూద్దాం. మా పొలం పైన."

"అంత కిందికెందుకు దిగుతాయి?" అన్నాడు ఓఫేగ్.

"ఎందుకో అనిపిస్తోంది."

"రాజుగారికి వాసనొస్తోందిరా," అన్నాడు ఓఫేగ్ పక్కనున్నవాళ్ళతో. కానీ కర్ర భుజానేసుకుని ముందు బయల్దేరిందీ అతనే.

తొమ్మిదిమంది హల్మార్ పొలంలోంచి ఎక్కారు. కంచె కనపడలేదు. గాలి దాని పొడుగునా మంచుని దిబ్బ పోసింది, రాయిలా గట్టిపడింది. గేటు ఎక్కడుందో హల్మార్ చూడలేదు. అందరూ దిబ్బ మీదుగానే నడిచి గండిలోకి దిగారు. గంటలోపే కుక్క ఒకచోట ఆగి ముందుకాళ్ళతో గీకింది. మంచు మీద వేలు పట్టేంత కన్నం, చుట్టూ పసుపు మరక. ఊపిరి మరక అది.

పారలు పట్టారు. ఒకదాని కింద ఒకటి, ఒకదానికొకటి అతుక్కుని, గండి గోడ వారన ఉన్నాయి. మధ్యాహ్నానికి పద్నాలుగు తీశారు. పన్నెండు బతికున్నాయి. ఆకలికి ఒకదాని ఉన్ని ఒకటి పీక్కుతిన్నాయి. పద్నాలుగూ రాన్‌వేగ్‌వే. మీసానికి మంచు పట్టిన పట్నం మనిషొకడు హల్మార్ వీపు చరిచాడు. ఇంకొకడు, కొండరాజంటే ఇలా ఉండాలి అన్నాడు.

కాఫీకి అందరూ కంచె దిబ్బ మీద వరసగా కూచున్నారు. ఎండ వచ్చింది, గాలి ఇంకా లేదు. రాన్‌వేగ్ వచ్చి హల్మార్ పక్కన కూచుని, ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ముందు అతనికిచ్చింది. ఆమె వేళ్ళు చిట్లి ఉన్నాయి.

"బుధవారం నిన్ను చాలా తిట్టుకున్నాను," అంది. "ఇంటికెళ్తూ దారంతా తిట్టాను."

"ఊఁ."

"నువ్వన్నది రూలే. నీ చోట ఉంటే నేనూ అదే అనేదాన్నేమో. ఇవాళ నువ్వు ఇటు రమ్మనకపోతే ఇవన్నీ పోయేవి."

హల్మార్ కాఫీ మింగాడు. గొంతు కాలింది. అటుపక్క నుంచి ఓఫేగ్ వంగి చూశాడు.

"ఈసారి విందులో నీమీద నాటకం లేదులే. నేనే వచ్చి చేతులు కలుపుతా, అందరి ముందూ. ముసలాడు తప్పు చేశాడని చెప్తా. సరేనా?"

అందరూ నవ్వారు, మంచిగానే. ఎవరో లేచి పారలు ఏరుతున్నారు. ఉత్తరాన కొండ అంచు మీద మబ్బు గీత కట్టింది. ఇంకో రెండు గంటలకి గాలి వచ్చేస్తుంది.

"మోరా వీటితో లేదు," అంది రాన్‌వేగ్ లేస్తూ. "పైనే ఎక్కడో ఉండిపోయింది. రేపు గాలి ఆగితే సరస్సు అవతల చూడాలి. ఇక్కడ అయిపోయినట్టే కదా?"

"కుక్క రెండుసార్లు తిరిగింది గండంతా," అన్నాడు ఓఫేగ్. "ఇంకేం లేవు. దిగుదాం."

మనుషులు దిగడానికి సర్దుకుంటున్నారు. మళ్ళీ గాలి తగిలితే ఊపిరి కన్నాలు మూసుకుపోతాయి, రేపటికి ఇక్కడ వెతికేవాడు ఎవడూ ఉండడు. ఏమీ అనకపోతే చాలు. ఎవరికీ తెలీదు. కొండ మీద ఎన్ని గొర్రెలు ఎక్కడ ఉన్నాయో ఎవరు లెక్కపెట్టారు గనక.

"ఇంకా మూడున్నాయి," అన్నాడు హల్మార్.

"ఎక్కడ?" రాన్‌వేగ్ ఆగింది.

"ఇక్కడే. పదిహేడుండాలి."

"అది కూడా వాసనేనా?" అన్నాడు ఓఫేగ్ నవ్వుతూ.

హల్మార్ చేతిలో మూత ఇంకా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీనట్టు అటూ ఇటూ చూసి, మంచు మీద పెట్టాడు.

"నేను లెక్కపెట్టాను. గురువారం. గేటు దగ్గరకొచ్చాయి, నావీ నీవీ కలిసి. మోరా తీసుకొచ్చింది."

అందరూ అతని వైపే తిరిగారు. అక్కడితో ఆగొచ్చు. వచ్చాయి, తిరిగి వెళ్ళిపోయాయి అనొచ్చు.

"నావి చెవులు చూసి వదిలాను. నీవి వెనక్కి తోలాను. కుక్కని పెట్టి."

ఓఫేగ్ నవ్వు మొహం మీదే ఉండిపోయింది, తీసెయ్యడం మర్చిపోయినట్టు. తరవాత కిందికి చూసి, బూటుకి అంటుకున్న మంచుని కర్రతో గీక్కోవడం మొదలెట్టాడు. పట్నం మనిషి పక్కవాడి చెవిలో ఏదో అడిగాడు, అతను మోచేత్తో పొడిచి ఆపాడు.

రాన్‌వేగ్ మొహంలో ఏమీ కనపడలేదు. చేతితొడుగు వేసుకుంటున్నదల్లా ఆపి, మళ్ళీ తీసేసింది.

"ఆ మూడిట్లో మోరా ఉందా?"

"ఉంది. దాని పిల్ల. ఇంకొకటి."

"ఎటు వెళ్ళింది?"

"పద్నాలుగు గండిలోకి పోయాయి. అది కుక్కకి లొంగలేదు. ఇక్కడిక్కడే తిరిగింది. ఆ తరవాత నేను చూళ్ళేదు."

"చూళ్ళేదు," అంది ఆమె. అడగడం కాదు, మామూలుగా అంది. గండి వైపు చూసింది, పైకి చూసింది. తరవాత తాము కూచున్న దిబ్బ వైపు తిరిగింది. "అది ఇంటిదారి పట్టాక వెనక్కి పోయే జంతువు కాదు. గేటు ఎక్కడ?"

హల్మార్ చూపించాడు. ఓఫేగ్ నిలబడ్డ చోటు అది.

"పక్కకి రా ఓఫేగ్," అంది.

ముసలాయన గభాల్న పక్కకి దూకాడు, కాలు కాలినట్టు. రాన్‌వేగ్ కర్ర దించింది. గట్టి పొర పగలడానికి మూడు పోట్లు పట్టింది. నాలుగోసారి కర్ర తేలిగ్గా దిగి, మెత్తగా ఆగింది. ఆమె కదలకుండా కాసేపు అలాగే పట్టుకుంది.

తవ్వారు. హల్మార్ కూడా పార తీసుకున్నాడు. అతనికి ఎవరూ అడ్డం చెప్పలేదు, పక్కకి ఎవరూ రాలేదు. పై చెక్కలు బయటపడ్డాక అతను కంచె మీదుగా ఇవతలికి దిగి, గేటు తెరుచుకునేందుకు తన వైపు మంచు తీశాడు. వంగి తవ్వుతూనే అవతల పారలు ఆగడం విన్నాడు. ముందు పిల్లని తీశారు, అది చచ్చిపోయింది. రెండో తల్లి గొర్రె బతికే ఉంది, లేవలేకపోతే ఇద్దరు మోశారు. గేటు చెక్కలకి మూతి ఆనించి, నిలబడ్డది నిలబడ్డట్టే, మోరా ఉంది. ఊపిరి తగిలినంతమేరా చెక్కలు మంచుగడ్డ కట్టాయి.

హల్మార్ గొళ్ళెం తీశాడు. గేటుని రెండు చేతులతో తనవైపు లాగి, పూర్తిగా తెరిచి, పట్టుకుని నిలబడ్డాడు. దారి తేటగా ఉంది, కింద పొలం దాకా. వెనకనుంచి రాన్‌వేగ్ అదిలించింది. మోరా ఉన్ని మీద గడ్డలు గలగలలాడాయి. ఒక అడుగు వేసింది. తలెత్తి అతన్ని చూసి ఆగిపోయింది. రాన్‌వేగ్ రెండోసారి అదిలించింది, మూడోసారి నడుం మీద చెయ్యేసి తోసింది. అది నాలుగు కాళ్ళూ తన్నిపట్టి బిగుసుకుంది.

"హల్మార్," అంది ఆమె, గొంతు పెంచకుండా. "నువ్వు కాస్త దూరంగా వెళ్ళు. నువ్వక్కడుంటే అది రాదు."

అతను గేటు వదిలాడు. గేటు తనంతట తను మూసుకోబోతే ఓఫేగ్ వచ్చి పట్టుకున్నాడు. హల్మార్ పొలంలోకి పది అడుగులు నడిచాడు, వెనక్కి చూస్తే అది ఇంకా కదల్లేదు. ఇంకో పది నడిచాడు.